నీళ్లల్ల పడితే ఔట్

మొన్న ముగ్గురు పెద్దమనుషులు మా ఇంటికొచ్చారు. యూనివర్సిటీ పాత విద్యార్థులట. నగరంలో మొట్టమొదటి తీరపు బేస్‌బాల్ స్టేడియం చరిత్ర మీద సావనీరు వేస్తున్నారట. అక్కడ ఆడినవాళ్లలో ఇంకా మాట్లాడగలిగే స్థితిలో నేనొక్కణ్ణే దొరికానట. మధురస్మృతులు రాసిమ్మన్నారు. వాళ్లలో ఒకాయన, "సాయంత్రం నీళ్ల మీద ఎండ పడుతుంటే ఆట ఎంత రమ్యంగా ఉండేదో కదండీ" అని కళ్లు మూసుకున్నాడు. ఆయన పుట్టేనాటికి ఆ నీళ్లూ లేవు, ఆ ఆటా లేదు.

తీరమట! హైదరాబాదులో తీరమేమిటి, నా బొంద. అది కుంట. స్టేడియమట! దాని సంగతి కాసేపాగి చెబుతాను. చరిత్రట! చరిత్ర కావాలంటే రాస్తాను, నాకేం భయం. మధురంగా ఉంటుందని మాత్రం మాటివ్వను.

యూనివర్సిటీ స్థలం తార్నాక వైపు దిగేచోట, రోడ్డుకి కాస్త లోపలగా ఉండేది ఆ కుంట. వానలకి నిండేది, ఎండాకాలం వచ్చేసరికి ముప్పాతిక ఎండిపోయి అడుగు నెర్రెలిచ్చేది. బర్రెలు అందులోనే పొద్దంతా పడుకునేవి. లాలాపేట్ నుంచి చాకలివాళ్లు వచ్చి బండల మీద బట్టలుతికి, ఒడ్డున చదునుగా ఉన్న నేల మీద ఆరేసేవాళ్లు. మా హాస్టళ్ల దుప్పట్లన్నీ అక్కడే ఆరేవి. స్టేడియం చరిత్రలో మొదటి అధ్యాయం అదీ, దుప్పట్లు ఆరేసుకునే చోటు. ఆ ముక్క సావనీరులో వేస్తారా? వెయ్యరు.

అరవైల చివర్లో మాకు ఇంగ్లీషు చెప్పడానికి అమెరికా నుంచి ఒక దొర వచ్చాడు. పాఠం సంగతి దేవుడెరుగు, ఆయన యావంతా బేస్‌బాల్ మీదే. ఒక ట్రంకు పెట్టె నిండా బ్యాట్లూ, తోలు గ్లవ్సులూ, ఒక డబ్బా బంతులూ తెచ్చుకున్నాడు. చాకలివాళ్లు బట్టలు తీసుకుపోయాక, సాయంత్రాలు ఆ నేల మీద నాలుగు మూలలు గీసి మాకు ఆట నేర్పాడు. మంచివాడే. కాకపోతే బాగా ఆడినా చప్పట్లే, బంతి పోయి ముక్కుకి తగిలినా చప్పట్లే. ఏడాది తిరక్కుండా సామానంతా మాకే వదిలేసి వెళ్లిపోయాడు.

దొర పోయాక ఆటకి దిక్కు లేకపోయింది గాని కమిటీ మాత్రం పుట్టుకొచ్చింది. దానికొక సెక్రటరీ. మా లెక్చరర్లలోనే ఒకాయన, కోస్తా నుంచి వచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. మా వైపు పెద్దమనుషులు కూడా కమిటీలో ఉండేవాళ్లు లెండి. వాళ్ల పని ఆయన ఏమంటే దానికి తలలూపడం. పనికిమాలినతనానికి ప్రాంతభేదం లేదని నాకు ఆ కమిటీని చూశాకే తెలిసింది. సెక్రటరీ గారు జన్మలో బ్యాటు పట్టి ఎరగడు. దొర వదిలేసిన రూల్సు పుస్తకానికి మాత్రం అట్ట వేయించి, పురాణం చెప్పేవాడిలా చంకలో పెట్టుకు తిరిగేవాడు. బంతుల డబ్బా తన గదిలో అలమారాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఆటకి ఒక్కటంటే ఒక్క బంతి ఇచ్చేవాడు.

ఒక్క బంతితో ఆడుతున్నారే పాపం, ఇంకో బంతి ఇద్దామని ఎవరికైనా అనిపించాలి కదా? అనిపించలేదు. సొంత స్టేడియం లేని ఆట ఆటేనా అనిపించింది. ముషీరాబాద్ నుంచి ఒక గుత్తేదారుని పిలిపించారు. ఆయన కుంట చుట్టూ ఒకసారి తిరిగి, బర్రెల్ని చూసి, పాన్ ఊసి, "ముందుగాల కమాను కడ్దం సార్. కమాను లేకుంటే స్టేడియంకు ఇజ్జత్ ఏమున్నది?" అన్నాడు. కమిటీ మొత్తానికి ఆ మాట నచ్చింది.

అలాగే ముందు కమాను కట్టారు. పైన సింహాలో కుక్కలో తెలియని రెండు బొమ్మలు, కింద ఇనుప గేటు, గేటుకి చేతెడు తాళం. అటూ ఇటూ గోడ లేదు. గోడకి డబ్బు చాల్లేదట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! బర్రెలు కమాను పక్కనుంచి వచ్చేవి. మేమూ పక్కనుంచే వచ్చేవాళ్లం. కమిటీ వాళ్లు వచ్చినప్పుడు మాత్రం వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి తాళం తీసేవాడు, వాళ్లు గేటులోంచి నడిచేవాళ్లు. తాళంచెవి దొరక్కపోతే దొరికేదాకా బయట ఎండలో నిలబడేవాళ్లు, పక్కనుంచి మాత్రం రారు. ఇవన్నీ నేను కల్పించి చెప్పాలంటే నాకు అంత తెలివి లేదు.

తర్వాత గ్యాలరీ. రాతి మెట్లు నాలుగు వరసలు. ముఖ్య అతిథులకి కుంట మీది చల్లగాలి తగలాలని దాన్ని నీళ్లకి ఎదురుగా కట్టారు. నీళ్లున్నది పడమట. నాలుగు దాటితే సూర్యుడు సరిగ్గా కళ్లలో పొడిచేవాడు. దానికి మందుగా గ్యాలరీ ముందు షామియానా వేసి, కింద కుర్చీలు వేసి, అతిథుల్ని అక్కడ కూచోబెట్టారు. ఇక గ్యాలరీ మెట్ల మీద కూచున్నవాళ్లకి కనిపించేది షామియానా వీపు. ఆట చూడాలనుకున్నవాడు లేచి పక్కకి వచ్చి నిలబడాలి. వెనక్కి తిరిగితే మౌలాలి గుట్ట మాత్రం బాగా కనిపించేది. సగం మంది దాన్నే చూస్తూ కూచునేవాళ్లు.

ఇప్పుడు అసలు సంగతి. బేస్‌బాల్‌లో బంతిని హద్దు దాటించి కొడితే అది పండగ. కొట్టినవాడు నాలుగు మూలలూ వరసగా తొక్కుతూ తీరుబడిగా చుట్టి వస్తాడు, పరుగు పడుతుంది. దొర మాకు అలాగే నేర్పాడు. కాని మా మైదానానికి హద్దు కుంట. హద్దు దాటిందంటే నీళ్లలో పడ్డట్టే. ఉన్నది ఒక్క బంతి. అందుకని సెక్రటరీ గారు కొత్త రూలు పెట్టాడు. నీళ్లల్లో పడితే ఔట్. కొట్టినవాడే దిగి తేవాలి. తెచ్చిన బంతిని ఆయన చూపుడువేలూ బొటనవేలూ మధ్య పట్టుకుని వాసన చూసి, "ఎండబెట్టండి" అనేవాడు. ఆ రోజుకి ఆట బంద్.

ప్రపంచంలో బంతిని అందరికంటే దూరం కొట్టినవాణ్ణి ఔట్ చేసిన మైదానం మాదొక్కటే అనుకుంటాను. అది కూడా సావనీరులో వేసుకోవచ్చు. పైగా మా హద్దు ఋతువుని బట్టి జరిగేది. ఎండాకాలంలో నీళ్లు ఎక్కడో ఉండేవి, ఎంత కొట్టినా భయం లేదు. వానలు పడ్డాక నీళ్లు మీదికి వచ్చేవి, ఓ మోస్తరు దెబ్బకే ఔట్. జ్యేష్ఠంలో మొనగాడు కార్తీకానికి దద్దమ్మ.

ఆ లెక్క తెలిసి ఆడినవాడు ఒక్కడే, మా బావ.

బావంటే మా అక్క మొగుడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. మా ఊళ్లో వ్యవసాయమే, అది కూడా వానని నమ్ముకున్న చెలక. పెళ్లయి, బిడ్డ పుట్టాక డిగ్రీ చదవాలని బుద్ధి పుట్టి వచ్చాడు. హాస్టల్లో నా గదిలోనే ఉండేవాడు. చిన్నప్పుడు ఊళ్లో చిర్రగోనె, అదే కర్రాబిళ్ల, ఆడి ఆడి ఆయన మణికట్లు ఇనుమైపోయాయి. బేస్‌బాల్ బ్యాటు చేతికిస్తే దాన్నీ అలాగే తిప్పాడు. దొర ఒకసారి చూసి చప్పట్లు కొట్టడం మరిచిపోయి నోరు తెరిచాడు. అంతటి దెబ్బ. కాని సెక్రటరీ గారి రూలు వచ్చాక బావ దెబ్బని కిందికి దించుకున్నాడు. మోకాలెత్తు దాటనివ్వకుండా, మనిషికీ మనిషికీ మధ్యనుంచి కొట్టి ఉరికేవాడు. ఆ మాసంలో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో పొద్దున్నే వెళ్లి చూసుకుని వచ్చేవాడు.

అయినా ఒకనాడు బంతి జారి లేచింది. వానాకాలం, కుంట నిండుగా ఉంది. బంతి పోయి గుర్రపుడెక్కలో పడింది. సెక్రటరీ గారు గ్యాలరీ మెట్టు మీద కుర్చీ వేయించుకుని కూచున్నాడు. "దొరికేదాకా పైకి రావద్దయ్యా. అమెరికా బంతి అది, నీ తాత చేసిపెడతాడా?" అన్నాడు. పెళ్లయి బిడ్డ ఉన్న మనిషి, అందరూ చూస్తుండగా దీపాలు పెట్టేవేళ దాకా గొంతుబంటి నీళ్లలో దేవులాడాడు. బర్రెల వాళ్లు ఒడ్డున నిలబడి నవ్వారు. చివరికి దొరికింది. నాకైతే ఆ బంతిని సెక్రటరీ గారి నెత్తిన కొట్టాలనిపించింది. బావ మాత్రం తల తుడుచుకుంటూ, "పోనీరా బామ్మర్ది, దొరికింది గద" అన్నాడు. ఆ రోజు నుంచి బంతి కాస్త పైకి లేస్తే చాలు, అది కింద పడకముందే బావ కాళ్లు నీళ్ల వైపు తిరిగేవి.

ఆ ఏడాదే లాలాపేట్ దగ్గర రైల్వే వాళ్లు బేస్‌బాల్ జట్టు పెడుతున్నారని తెలిసింది. బాగా ఆడేవాడికి కార్ఖానాలో ఉద్యోగం, ఉండటానికి క్వార్టరు. వాళ్ల ఆఫీసరు మా స్టేడియానికి వచ్చి మ్యాచ్ చూసి మనుషుల్ని ఏరుకుంటాడట. బావకి ఆ ఏడాదితో సర్కారు నౌకరీ వయసు దాటిపోతుంది. ఇది పోతే మళ్లీ లేదు. ఊరికి పోయి ఆ ఎండిన చెలకే దున్నుకోవాలి.

అక్కకి ఇవేమీ తెలియవు. దానికి తెలిసిందల్లా ఒకటే, రైల్వే క్వార్టర్లలో ఇంట్లోనే నల్లా ఉంటుందని. మా ఊళ్లో నీళ్లకి పొలాలు దాటి మోటబావికి పోవాలి. ఎండాకాలం బావిలోకి దిగి చెంబుతో బిందెలోకి తోడుకోవాలి. నెత్తిన బిందె, చంకలో బిడ్డ. బావ ఊరికి పోయినప్పుడల్లా, "నల్లా ఉన్న ఇల్లు ఎప్పుడు జూపిస్తవ్?" అని అడిగేది. చీరడగలేదు, నగడగలేదు, ఇదొక్కటే అడిగేది. బావ ప్రతిసారీ "జూపిస్తనే" అనేవాడు. ఈసారి మాత్రం, "కార్తీకం ఎల్లేటాల్లకు జూపిస్త" అని గడువు పెట్టి మాటిచ్చి వచ్చాడు.

మ్యాచ్‌కి ముందునాడు తార్నాక ఇరానీ హోటల్లో ఇద్దరం ఒక చాయ్ పంచుకుని కూచున్నాం.

"బావా, రేపు నీళ్ల రూలు లేదు. సెక్రటరీ సారే చెప్పిండు, అంతా పుస్తకం ప్రకారమేనట. నీళ్లల్ల పడితే పరుగు. కొట్టి సుట్టూ తిరిగి రావాలె, అంతే."

"ఎరుకనేరా. నాకే చెప్తున్నవా?"

"ఎందుకైనా మంచిదని చెప్తున్న."

బావ నవ్వి, కప్పూ సాసరూ నీళ్ల గ్లాసూ ఉప్పుడబ్బా నాలుగు మూలలా పెట్టాడు. వాటిని ఒక్కొక్కటే వేలితో తాకుతూ, "గిట్ల పోవుడు, గిట్ల పోవుడు, గిట్ల పోవుడు, గిట్ల ఇంటికొచ్చుడు. సాలునా?" అన్నాడు. చాలన్నాను.

మర్నాడు స్టేడియాన్ని చూస్తే నవ్వాగలేదు. కమానుకి మామిడి తోరణాలు, గేటుకి పసుపూ కుంకుమా. ముఖ్య అతిథి ఎవరో గేటులోంచి వస్తుంటే బర్రెలు పక్కనుంచి ఆయనతోపాటే వచ్చాయి. షామియానా కింద సోఫాలు. సెక్రటరీ గారి తలకి టోపీ, చంకలో పుస్తకం. ఆయనే అంపైరు. ఇన్నాళ్లూ అలమారాలో దాచిన బంతుల డబ్బా ఆ రోజు బయటికొచ్చింది. తెల్లటి బంతులు, ఒక్కదానికీ మట్టి మరక లేదు. ఏడాదిన్నర పాటు మాకు నాచు కంపు కొట్టే బంతి, అతిథులకి కొత్త బంతులు! తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెట్టాడని ఊరికే అన్నారా?

అవతలివాళ్లు నగరంలోనే ఇంకో కాలేజీ కుర్రాళ్లు. రెండు జట్లకీ ఆట అంతంతమాత్రమే. నా సంగతే చెబుతాను. నేను కొట్టిన బంతి సరిగ్గా తగలనే లేదు, ముసలమ్మలా దొర్లుకుంటూ పోయింది. దాన్ని పట్టినవాడు విసరబోయి బర్రెల మీదికి విసిరాడు. వాళ్లు బర్రె కాళ్ల మధ్య బంతి వెతుక్కుంటుంటే నేను నాలుగు మూలలూ బుద్ధిగా తొక్కి వచ్చేశాను. షామియానా వైపు తిరిగి "థాంక్యూ సార్" అని కూడా అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

బావ ఆడిన ప్రతిసారీ గట్టిగానే కొట్టాడు. అయితే అన్నీ కిందికే, మోకాలెత్తులోనే. నా వంతు అయిపోయి షామియానా అంచున కూచున్నాను కదా, రైల్వే ఆఫీసరు సెక్రటరీ గారిని పిలిచి అడగడం విన్నాను.

"హిట్టింగ్ బాగుంది. కాని ఇతను ఎత్తి కొట్టలేడా? దూరం పోదా?"

"దూరమంటే, అదీ, అలవాటు లేదనుకుంటానండి" అన్నాడు సెక్రటరీ గారు.

అలవాటు లేదట! తప్పించిందెవరు? నాకు ఒళ్లు మండిపోయింది. బావ చివరి వంతుకి వెళుతుంటే ఎదురుగా పోయి, "ఎత్తి కొట్టు బావా. ఆఫీసరు అదే అడుగుతున్నడు" అన్నాను. బావ తలూపాడు. అప్పటికి రెండు జట్లూ సమానం. ఒక్క పరుగు వస్తే గెలిచినట్టే.

ఆ దెబ్బ నేను ఇంతవరకు మళ్లీ చూడలేదు. చప్పుడు ముందు వినిపించింది. తెల్ల బంతి అందరి తలల మీదుగా, చాకలిబండల మీదుగా, బర్రెల మీదుగా పోయి కుంట మధ్యలో పడింది. నీళ్లు లేచాయి. షామియానా కింద సోఫాల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. రైల్వే ఆఫీసరు చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టాడు.

బావ బ్యాటు కింద పెట్టాడు. విసరలేదు, విసిరితే సెక్రటరీ గారు తిడతాడని మెల్లగా పెట్టాడు. వంగి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. తర్వాత మొదటి మూల వైపు కాదు, తిన్నగా మైదానం మధ్యలోంచి కుంట వైపు ఉరికాడు.

"బావా! సుట్టూ! సుట్టూ తిరుగు!" అని గొంతు చించుకున్నాను. మా జట్టంతా అరిచింది. ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యూపాడు. "తెస్త! తెస్త!" అన్నాడు. దభీమని నీళ్లలోకి దూకాడు.

"ఎక్కడికి పోతున్నాడు?" అని రైల్వే ఆఫీసరు అడిగాడు. కాసేపటికి షామియానాలో ఎవరో ఫక్కుమన్నారు, ఇక అందరూ అందుకున్నారు. ముఖ్య అతిథి అయితే కళ్లు తుడుచుకున్నాడు. చదువుకున్న పెద్దలు, సోఫాల్లో కూచుని, నీళ్లలో బంతి కోసం ఈదుతున్న మనిషిని చూసి నవ్వుతున్నారు. ఒడ్డున బర్రెల వాళ్లు ఈసారి నవ్వలేదు. వాళ్లకి మా రూలు తెలుసు.

బావ బయటికొచ్చాడు. భుజం మీద నాచు, ఒళ్లంతా నీళ్లు. బంతిని చొక్కా అంచుతో తుడుస్తూ సెక్రటరీ గారి దగ్గరికి నేరుగా వెళ్లి, రెండు చేతులతో అందించాడు.

"సార్, బాలు పోలే."

కొత్త బంతి పోనివ్వలేదని బావ మొహంలో ఎంత సంబరమో! సెక్రటరీ గారు బంతి తీసుకోలేదు, పుస్తకం తీశాడు. వేలితో తడి అంటకుండా పేజీలు తిప్పాడు. మూలలు తొక్కకుండా దారి వదిలిపోయిన ఆటగాడు ఔట్ అని ఇంగ్లీషులో చదివి, చెయ్యెత్తి, "ఔట్" అన్నాడు.

"ఔటే గద సార్" అన్నాడు బావ. నీళ్లల్లో పడింది కదా మరి.

నేను ఆగలేకపోయాను. "సార్, ఇదేం అన్యాయం! నీళ్లల్ల పడితే ఔటని, కొట్టినోడే తేవాలని రూలు పెట్టింది మీరే గద! ఇన్ని రోజులు ఆయనతోని ఈత కొట్టించింది మీరే గద!"

సెక్రటరీ గారు నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం రూలయ్యా? ఏదీ, పుస్తకంలో చూపించు."

నిజమే, పుస్తకంలో ఎక్కడుంది? ఆ రూలుంటే బావ కాళ్లలో ఉంది. పుస్తకం ప్రకారం ఆయన ఔట్, నీళ్ల ప్రకారమూ ఔట్. దేశంలో ఇంకే మైదానంలోనైనా ఆ దెబ్బకి మనిషిని భుజాల మీద ఎక్కించుకునేవాళ్లు. ఇంతలో టీ వచ్చింది. చల్లారిపోతుందని మ్యాచ్ అక్కడికి ఆపేసి, ఇద్దరూ సమానమన్నారు.

బావ గ్యాలరీ మెట్టు మీద కూచుని చొక్కా పిండుకుంటున్నాడు. నా కళ్లలో నీళ్లు చూసి, "ఏందిరా, ఎందుకేడుస్తున్నవ్?" అన్నాడు. తడి వేలితో మెట్టు మీద ఊరికే గీస్తూ, "గిట్ల పోవుడు, గిట్ల పోవుడు..." అని ఆగాడు. మైదానం వైపు చూశాడు. "అయ్యో" అన్నాడు, చాలా నెమ్మదిగా.

రైల్వే ఆఫీసరు ఏమన్నాడో మర్నాడు తెలిసింది. "దెబ్బ ఉంది గాని ఆట తెలియదు" అన్నాడట. ఆట తెలిసినవాణ్ణి ఎవరిని ఏరుకున్నాడో చెప్పనా? నన్ను. ముసలమ్మ నడక బంతి కొట్టి నాలుగు మూలలూ తొక్కి థాంక్యూ సార్ అన్నానే, నన్ను. క్రమశిక్షణ ఉందట! థూ. వద్దని వీరుడిలా మొహాన కొట్టి వచ్చానని రాస్తే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. కొట్టలేదు. ఇంట్లో తిండి గింజల్లేవు. బావే నన్ను ముందుకి తోశాడు. "పోరా. మనింట్ల ఒక్కనికన్న దొరికింది. గాలికి పోలేదు గద." ఆయన పరీక్షలు రాయకుండానే పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోయాడు.

స్టేడియం చరిత్ర కూడా ముగించేస్తాను, మళ్లీ వెలితి అనుకుంటారు. మరుసటి ఏడాది తెలంగాణ ఉద్యమం వచ్చి క్లాసులు బందయ్యాయి. విద్యార్థులు ఆ గ్యాలరీ మీద మీటింగులు పెట్టుకున్నారు. మెట్లు మనుషులకి ఎదురుగా ఏదైనా చూపించడానికి పనికొచ్చింది అప్పుడొక్కసారే. బేస్‌బాల్‌ని అందరూ మరిచిపోయారు. బంతుల డబ్బా మళ్లీ అలమారాలోకి పోయింది, అక్కడే ఎలుకలు కొట్టేసి ఉంటాయి. సెక్రటరీ గారు వేరే ఏదో కమిటీకి సెక్రటరీ అయ్యాడు. కుంటని పూడ్చుకుంటూ వచ్చి ఇళ్లు కట్టారు. కమాను చాలాకాలం నిలబడింది, తాళంతో సహా. ఇదీ మీ తీరపు స్టేడియం. వేసుకోండి సావనీరు.

ఇంకొక్కటి ఉంది, అది వాళ్లకి చెప్పలేదు.

నాకు లాలాపేట్‌లో క్వార్టరు వచ్చిన ఎండాకాలం అక్కా బావా బిడ్డని తీసుకుని వచ్చారు. ఒక గది, వంటిల్లు, వెనక చిన్న వాకిలి, వాకిట్లో నల్లా. అక్క ఇల్లు చూడలేదు. సంచీ దించకుండానే నేరుగా వెనక్కి వెళ్లింది. నల్లా తిప్పింది. నీళ్లు వచ్చాయి. కట్టేసింది. మళ్లీ తిప్పింది. బిందె తెచ్చి కింద పెట్టి, అది నిండుతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూసింది. బిడ్డ నీళ్ల కింద చేతులు పెట్టి గెంతుతోంది. బావ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ ఎండకి మనిషి సగమయ్యాడు.

బిందె నిండాక అక్క నల్లా కట్టేసింది. బావ వైపు తిరక్కుండానే అడిగింది.

"గీ నల్లా కొరకేనా నువ్వు గా కుంటల దుంకింది?"

బావ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"బాలు కొరకు దుంకిన. నల్లా కొరకైతే సుట్టూ ఉరుకుదును గద."

అక్క బిందె ఎత్తి చంకన పెట్టుకుని లోపలికి వెళ్లింది.